ఏ లైనక్స్ అనే ధర్మసందేహం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో కావాలి. పదేళ్ళ కిందట కొన్న ల్యాప్‌టాప్‌కు తెర బాగానే ఉంటుంది, కీబోర్డు బాగానే ఉంటుంది, అయినా దాని కాలం చెల్లిందంటారు. హైదరాబాద్–వరంగల్ దారిలో ఉన్న రఘునాథపల్లి లాంటి మండల కేంద్రంలో జిరాక్స్ సెంటర్ నడుపుకునే మనిషికైనా, జనగామకు రైలెక్కి డిగ్రీ చదువుకునే పిల్లవాడికైనా అప్పుడు ఎవరో ఒకరు ఇచ్చే సలహా ఒకటే: "లైనక్స్ ఏస్కో అన్నా, పైసల్ పెట్టే పన్లేదు." వెంటనే వచ్చే ఎదురుప్రశ్న: "ఏ లైనక్స్ తమ్మీ?"

తమ్ముడు ఇక్కడ నీళ్ళు నములుతాడు.

ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా, ఆర్చ్, స్లాక్‌వేర్, ఓపెన్‌సూసె. చెప్పుకుంటూ పోతే పేర్లు వందల్లో ఉంటాయి. దాదాపు అన్నీ ఉచితమే, వాటి మూలమూ (సోర్స్ కోడ్) బయటపెట్టినదే. నలుగురిని అడిగితే ఆరు జవాబులొస్తాయి, ప్రతి జవాబు వెనకా ఒక మతాభిమానం కనిపిస్తుంది. తన డిస్ట్రో (తాను ఎంచుకున్న లైనక్స్ రకం) గురించి చెప్పేటప్పుడు లైనక్స్ వాడకందారు గొంతులో వచ్చే మార్పును గమనించినవారికి ఇది కంప్యూటర్ ప్రశ్న ఒక్కటే కాదని తెలిసిపోతుంది. ఇష్టదైవాన్ని ఎంచుకోవడం గురించి ఈ నేల ఎన్నో శతాబ్దాలుగా వాదించుకుంటున్నదే వేరే వేషంలో వచ్చింది.

తేలిగ్గా దొరికే జవాబు అద్వైతం చెప్పేది. ఉన్నది ఒక్కటే, పేర్లు అనేకం. నిజమే, ఇన్ని డిస్ట్రోల లోపలా ఉన్నది ఒకే కెర్నల్, అంటే వ్యవస్థ గుండెకాయ. హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టినది. దాని చుట్టూ ఉన్న సరంజామాలో పెద్ద భాగం, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చింది. కాబట్టి ఏదైనా ఒక్కటే, ఏదో ఒకటి వేసుకో అనేస్తే సరిపోతుందా? మాట వినసొంపుగానే ఉంది, కానీ దానితో ఏదీ తేలదు. వాడేవాడికి ఎదురయ్యేది కెర్నల్ కాదు. వైఫై పట్టుకోవడం, తెలుగు టైపు కావడం, ప్రింటర్ కదలడం, వచ్చే ఏడాది అప్‌డేట్ తర్వాత కూడా ఇవన్నీ నిలవడం, ఇవీ అతనికి కావలసినవి.

ఈ అద్వైతాన్ని నిలదీయడానికి దూరం పోనక్కరలేదు. రఘునాథపల్లి ఉన్న జనగామ జిల్లాలోనే పాలకుర్తి ఉంది, పాల్కురికి సోమనాథుడి ఊరు. కాకతీయుల కాలపు ఆ శివకవి బసవ పురాణాన్ని ద్విపదలో రాశాడు. సంస్కృత పాండిత్యం లేక కాదు, కావాలనే జాను తెనుగును పట్టుకున్నాడు. చెప్పే సంగతి శివుడి గురించే అయినప్పుడు ఏ ఛందస్సులో చెబితేనేం అని ఆయన అనుకోలేదు. ఆ కథ ఎవరి నోట పాటగా బతకాలన్నది ఛందస్సుతోనే తేలుతుందని ఆయనకు తెలుసు. రూపం ఆయనకు పైపూత కాదు, సిద్ధాంతంలో భాగం.

అంతే గట్టిగా ఇంకో మాటా చెప్పుకోవాలి. వీరశైవం శివభక్తుడు కానివాణ్ణి 'భవి' అని పేరు పెట్టి దూరం పెట్టింది. విండోస్ వాడేవాణ్ణి చూసి కొందరు లైనక్స్ భక్తులు పెదవి విరిచే తీరు ఆ పాత మాటను గుర్తుచేస్తుంది. ఉబుంటు వాడేవాణ్ణి చూసి ఆర్చ్ వాడేవాడు విరిచే పెదవి ఇంకా విడ్డూరం, ఇద్దరూ ఒకే గుడి భక్తులు మరి. తెలుగుదేశంలో మరో కొసన, నెల్లూరు తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఆయన భేదమే లేదని కొట్టిపారేయలేదు. రెండు పేర్లనూ నిలిపి ఒక్క మూర్తికి మొక్కాడు. భేదం ఉందని ఒప్పుకుంటూనే కొట్లాట వద్దనడం, భేదమే లేదనడం కన్నా కష్టమైన పని. డిస్ట్రోల విషయంలో కావలసిందీ ఆ కష్టమైన పనే.

మరి భేదం ఎక్కడుంది? పైకి కనిపించేవి చిన్నవి. సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికి డెబియన్ కుటుంబంలో ఏపీటీ, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్, ఆర్చ్‌లో ప్యాక్‌మన్ అంటారు. డెబియన్ దాదాపు రెండేళ్ళకోసారి కొత్త కూర్పు తెస్తుంది, ఫెడోరా ఆరు నెలలకోసారి. ఆర్చ్‌కు కూర్పులంటూ లేవు, రోజూ కొత్తదే. ఇవన్నీ అలవాటు సంగతులు, నెల రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. అసలు భేదం వేరే చోట ఉంది: ఆ కంప్యూటర్లో ఏం ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు, వాళ్ళు మాట తప్పితే ఏమవుతుంది?

డెబియన్‌ను ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టు 16న ప్రకటించాడు. 1997లో ఆ ప్రాజెక్టు వాడకందారులతో ఒక 'సామాజిక ఒప్పందం' రాసుకుంది. ఏడాదికోసారి నాయకుణ్ణి ఎన్నుకుంటారు, పెద్ద వివాదాలను సభ్యుల ఓటుతో తేలుస్తారు. స్లాక్‌వేర్‌ది మరో దారి. అదే 1993లో పుట్టిన దాన్ని ఈనాటికీ ప్యాట్రిక్ వోల్కర్డింగ్ తన చేతుల మీద నడిపిస్తున్నాడు, గురువు బతికున్నంతకాలం గురువే ప్రమాణం అన్నట్టు. ఉబుంటు వెనక కెనానికల్ అనే కంపెనీ ఉంది. ఫెడోరా వెనక రెడ్‌హ్యాట్, రెడ్‌హ్యాట్ వెనక 2019 నుంచి ఐబీఎం. సభ, గురువు, ధర్మకర్త: గుళ్ళనూ మఠాలనూ నడిపే పద్ధతులు మూడూ ఇక్కడున్నాయి. డిస్ట్రోను ఎంచుకోవడమంటే వీటిలో ఒక పరిపాలనను నమ్మడం.

ఈ నమ్మకం వమ్మయిన సందర్భం ఒకటి ప్రపంచమంతా చూసింది. రెడ్‌హ్యాట్ డబ్బుకు అమ్మే ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌కు సెంటోస్ అనే ఉచిత ప్రతిరూపం ఉండేది. సర్వర్లు నడిపేవాళ్ళలో ఎంతోమంది దాన్నే నమ్ముకున్నారు. సెంటోస్ 8కి 2029 దాకా మద్దతు ఉంటుందన్న లెక్కతో పనులు పెట్టుకున్నారు. 2020 డిసెంబర్‌లో రెడ్‌హ్యాట్ ఆ గడువును 2021 చివరికి కుదించింది. ఏడేళ్ళకు పైగా కరిగిపోయాయి. మూలం దాచుకునే సాఫ్ట్‌వేర్ అయితే కథ అక్కడితో అయిపోయేది, వాడకందారు మొర పెట్టుకోవడం మినహా చేయగలిగింది ఉండేది కాదు. ఇక్కడ అలా జరగలేదు. సెంటోస్ తొలి వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్ రాకీ లైనక్స్ మొదలుపెట్టాడు, మరో కంపెనీ ఆల్మాలైనక్స్ తెచ్చింది. 2021లోనే రెండూ వాడకానికి వచ్చాయి.

స్వేచ్ఛ గురించి ఇంతకన్నా స్పష్టమైన పాఠం దొరకదు. వందల డిస్ట్రోల్లోంచి ఒకటి ఏరుకోగలగడాన్ని స్వేచ్ఛ అని మురిసిపోతాం. సూపర్ మార్కెట్లో సబ్బులు ఏరుకునేవాడికీ ఆ స్వేచ్ఛ ఉంది. ఎంచుకున్నది చెడినప్పుడు దాని మూలాన్ని పట్టుకుని బయటికి నడిచి, మరో ఇల్లు కట్టుకోగలగడం వేరు. లైనక్స్ ఇచ్చేది ఆ రెండోది. మొదటిది దాని నీడ మాత్రమే.

బయటికి నడవడమూ ప్రతిసారీ గొప్పేం కాదు. డెబియన్‌లో సిస్టమ్‌డీ అనే భాగాన్ని, అంటే కంప్యూటర్ లేవగానే మిగతా పనులన్నిటినీ లేపే భాగాన్ని, ప్రధానంగా పెట్టుకోవాలా వద్దా అన్న గొడవ 2014లో తారస్థాయికి చేరింది. సాంకేతిక కమిటీ పెట్టుకోవాలని తేల్చింది. ఒప్పుకోనివాళ్ళు విడిపోయి డెవువాన్ అనే శాఖ పెట్టారు, దాని మొదటి స్థిరమైన కూర్పు 2017లో వచ్చింది. మామూలు వాడకందారు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని నెల రోజులు వాడినా తేడా పట్టుకోవడం కష్టం. నామం నిలువుగానా అడ్డంగానా అన్న తగవుల్లో కూడా బయటివాడికి ఏమీ అర్థం కాదు. లోపలివాడికి మాత్రం ప్రాణం పోయే విషయం. అలా పట్టుబట్టేవాళ్ళను వెక్కిరించడం సులువే కానీ, వాళ్ళు అడిగింది న్యాయమైన ప్రశ్న: ఒకే భాగం ఇన్ని పనులను తన చేతిలోకి తీసుకుంటే రేపు దాన్ని కాదనగలమా?

పండితులు ఇష్టపడే మరో జవాబు అధికారి భేదం. సాధకుడి యోగ్యతను బట్టి మార్గం. కొత్తవాడికి మింట్, కాస్త చెయ్యి తిరిగినవాడికి ఫెడోరా, ముదిరినవాడికి ఆర్చ్, ఇంకా ముదిరితే ప్రతిదీ మూలం నుంచి తానే కట్టుకునే జెంటూ. సలహాగా ఇది పనికొస్తుంది. చిక్కేమిటంటే ఇది చల్లగా నిచ్చెనగా మారిపోతుంది. పై మెట్టు మీదవాడు కింది మెట్టువాణ్ణి ఇంకా పక్వం కానివాడిగా చూస్తాడు. అడగకపోయినా "నేను ఆర్చ్ వాడతాను" అని చెప్పుకునేవాళ్ళ మీద ప్రపంచమంతా జోకులున్నాయంటే ఊరికే కాదు. ఇంతకీ కెర్నల్ కర్త టోర్వాల్డ్స్ చాలా ఏళ్ళుగా వాడుతున్నది ఫెడోరా. ఇన్‌స్టాల్ చేయడం సులువుగా ఉండేవే తనకు కావాలని ఆయన బాహాటంగా చెప్పాడు. నిచ్చెన చేసినవాడే మధ్య మెట్టు మీద హాయిగా కూర్చున్నాక, ఎక్కడం ఎవరి కోసం?

అన్నిటికన్నా లోతైన తగవు నిష్ఠ గురించి. ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్పు పనిచేయాలంటే చాలాసార్లు ఆ చిప్పు తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ కావాలి. దాని మూలాన్ని వాళ్ళు బయటపెట్టరు. మూలం తెలియని దేన్నీ చేర్చుకోమన్నది వ్రతం అయితే, ఆ ఫర్మ్‌వేర్ కూడా నిషిద్ధమే. ట్రిస్కెల్ లాంటి డిస్ట్రోలు ఆ వ్రతాన్ని పూర్తిగా పాటిస్తాయి. స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన ఆమోద జాబితాలో పెట్టేది అలాంటివాటినే. డెబియన్ అందులో లేదు. అమ్ముడైన మామూలు ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటిలో ఈ నిష్ఠాపరుల డిస్ట్రో వేస్తే స్వేచ్ఛ వస్తుంది, వైఫై పోతుంది.

డెబియన్ ఏళ్ళ తరబడి మధ్యలో నలిగింది. అధికారిక ఇన్‌స్టాలర్లో ఆ ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. కావలసినవాళ్ళు వేరే అనధికార ప్రతిని వెతుక్కోవాలి. అలాంటిదొకటి ఉందని తెలియని కొత్తవాడు వైఫై రాకపోతే లైనక్సే పనిచేయదనుకుని వెనక్కి పోయేవాడు. 2022లో సభ్యులు ఓటు వేసి, సామాజిక ఒప్పందాన్నే సవరించి, అవసరమైన ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్లో చేర్చడానికి ఒప్పుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమల్లో ఉంది.

తిరుక్కోష్టియూర్ గోపురమెక్కి, గురువు ఆజ్ఞ మీరి రహస్య మంత్రాన్ని ఊరందరికీ చెప్పిన రామానుజుల కథ తెలుగువారికి కొత్త కాదు. తనకు నరకం వచ్చినా సరే, వీళ్ళందరూ తరిస్తే చాలన్నాడని గురుపరంపర చెబుతుంది. డెబియన్ ఓటులో ఆ ఛాయ ఉంది. తన నియమానికి మచ్చ పడ్డా ఎక్కువమంది లోపలికి రావాలని. నిష్ఠాపరుల ప్రశ్న కూడా తేలిక కాదు: నియమం సడలించి పిలిచిన జనం ఏ నియమం కోసం వచ్చినట్టు? చిప్పు తయారీదారు మూలం బయటపెట్టేలా ఒత్తిడి తెచ్చేది ఇంకెవరు? అయినా మొగ్గు డెబియన్ వైపే ఉండాలి. అది దాచి చేయలేదు. ఏ ఫర్మ్‌వేర్ వేసిందో వాడకందారుకు చెబుతుంది, వద్దనుకుంటే ఆపేసే దారి ఉంచింది. వ్రతం పట్టేవాడికి ఆ వీలుంటే, పట్టలేనివాణ్ణి గడప బయట నిలబెట్టాల్సిన పని లేదు. ట్రిస్కెల్ వాళ్ళూ ఉండాలి. ఒకరైనా పూర్తిగా పాటించకపోతే ఎంత సడలించామో కొలవడానికి గీత ఉండదు.

ఇంతదాకా వచ్చిన చర్చ అంతా ఎంచుకోగలిగినవాడి గురించి. ఎంచుకోలేనివాడి సంగతేమిటి? ఏ మండల కేంద్రంలోనైనా పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేసే డీటీపీ ఆపరేటర్‌ను కదిపితే అసలు బంధం బయటపడుతుంది. ఆయన ఇన్నేళ్ళుగా టైపు చేసిందంతా అనూ స్క్రిప్ట్‌లో, పేజ్‌మేకర్‌లో ఉంటుంది. ఆ అక్షరాలు యూనికోడ్ కావు, విండోస్ బయటికి సాఫీగా రావు. ఆయన విండోస్‌ను ప్రేమించి వాడటం లేదు. తన అక్షరాలు అక్కడ తాకట్టులో ఉన్నాయి. ఏ డిస్ట్రో మంచిదని ఆయనకు ఉపన్యాసమిస్తే ఏం లాభం? చెప్పాల్సింది యూనికోడ్‌కు మారమని. చేతికి అలవాటైన ఆపిల్ లేఔట్ లైనక్స్‌లోనూ ఎం17ఎన్ అనే కీబోర్డుల సంపుటిలో ఉంది, వేళ్ళకు మళ్ళీ ఓనమాలు నేర్పక్కర్లేదు.

తాకట్టు లేని అక్షరానికి ఉదాహరణ మళ్ళీ ఈ జిల్లా నుంచే వస్తుంది. పాలకుర్తి పక్కనే బమ్మెర, పోతన ఊరు. డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచార్యులు తాను చేసిన తెలుగు ఫాంట్లకు పోతన, వేమన అని పేర్లు పెట్టి స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశారు. డెబియన్‌లో అవి ఒక ప్యాకేజీగా ఉన్నాయి, ఫెడోరాలోనూ ఉన్నాయి. ఆ తర్వాత సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లతో పెద్దన, ధూర్జటి, తిమ్మన, సురవరం కూడా ఆ వరసలో చేరారు. డిస్ట్రోల అభిమానులు ఎంత కొట్టుకున్నా పోతన అందరి ఇళ్ళలోనూ ఉన్నాడు. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్నాడని కథలు చెప్పే కవి పేరు, ఎవరి సొత్తూ కాని అక్షరాలకు అతికినట్టు కుదిరింది.

ఆ భాగవతమే మరో సంగతి చెబుతుంది. మనం పోతన భాగవతం అంటున్నదంతా పోతన రాసింది కాదు. ఐదో స్కంధం గంగన, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండు, పన్నెండు వెలిగందల నారయ పూరించారు. ఎవరికి వాళ్ళు తమ పేరిట కొత్త భాగవతం మొదలుపెట్టలేదు, ఉన్నదానిలోని లోటు పూడ్చారు. దీనికి ఎదురు దారీ ఉంది. సోమనాథుడి ద్విపద బసవ పురాణాన్ని పిడుపర్తి సోమనాథుడు పద్యాల్లో తిరగరాశాడు. 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకెళ్ళాడు. అవసరం వేరైనప్పుడు శాఖ పుట్టడం తప్పు కాదు. పేరు కోసం పుడితేనే తప్పు.

తెలుగు లైనక్స్ చరిత్రకు ఈ తేడా బాగా అక్కరకొస్తుంది. హైదరాబాద్‌లో 2005లో మొదలైన 'స్వేచ్ఛ' అనే ఉద్యమం తెలుగు తెరతో ఒక ఆపరేటింగ్ సిస్టం తేవాలని పూనుకుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ లైనక్స్ తెచ్చింది. దాని పునాది డెబియనే. వీటివల్ల జరిగిన మేలు చిన్నది కాదు, ముఖ్యంగా కంప్యూటర్ తెలుగులో మాట్లాడగలదన్న ధైర్యం వచ్చింది. అయితే ఒక డిస్ట్రోకు పేరు పెట్టడం సులువు, ఏటా దాన్ని నిలబెట్టడం కష్టం. అనువాదాలు నేరుగా గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లలోకి, డెబియన్‌లోకి చేరితే ఏ డిస్ట్రో చచ్చినా తెలుగు బతుకుతుంది. నారయ చేసిన పని అదే.

కేరళ మరో రకంగా ఈ సందేహం తీర్చుకుంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల కోసం కైట్ అనే సంస్థ ఉబుంటు మీద ఒక కూర్పు తయారుచేసి ఇస్తుంది. ఏ లైనక్స్ అని ఏ టీచరూ జుట్టు పీక్కోనక్కరలేదు. ఎంపిక ఒకరి భారం కాకుండా సంఘం పని అయింది, పాఠాలూ దానికి తగ్గట్టే నడుస్తాయి. తెలుగు రాష్ట్రాల బడులకు ఇలాంటి నిర్ణయం ఒకటి కావాలి. అది ఏ డిస్ట్రో అన్నది రెండో మాట.

రఘునాథపల్లి అన్నకు ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. పాడైతే పిలవగానే వచ్చి చూసే మనిషి ఏది వాడుతున్నాడో అదే వేసుకోవాలి. అలాంటి మనిషి లేకపోతే డెబియన్ గానీ మింట్ గానీ చాలు. ముందు పెన్‌డ్రైవ్ మీద లైవ్‌గా నడిపి వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ చూసుకోవాలి. ఫైళ్ళను హోమ్ పేరిట వేరే పార్టిషన్‌లో పెట్టుకుంటే రేపు మనసు మారి డిస్ట్రో మార్చినా అవి కదలవు, అయినా ఇంకో కాపీ బయట ఉంచుకోవడం మంచిది. గ్రాఫికల్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటే డెబియన్ మొదట అడిగేది ఏ భాష కావాలని. ఆ జాబితాలో తెలుగు ఉంది, అది నొక్కి మొదలుపెట్టండి.